చేతులు జోడించిన ఫ్లెక్సీ

ఈ రోజు పొద్దున, కృతజ్ఞతలు చెప్పుకునే సమావేశంలో, కృతజ్ఞతలు చెప్పిందన్న నేరానికి ఒక మనిషిని ఫ్యాక్టరీ గేటు బయటికి పంపించాను. చెప్పమన్నదీ నేనే, పంపించిందీ నేనే. అది తప్పని తెలియడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. నిజం చెప్పాలంటే తప్పని అప్పుడే తెలుసు. ఒప్పుకోవడానికే మధ్యాహ్నం దాకా పట్టింది.

చిత్తూరు నుంచి పుత్తూరు వెళ్లే దారిలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను ప్రొడక్షన్ మేనేజర్ని. సంవత్సరంలో ఎక్కువ భాగం మా ఫ్యాక్టరీలో వాచ్‌మన్, రెండు కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. తోతాపురి కోతకు వచ్చిందంటే మాత్రం అందరికీ పిచ్చెక్కుతుంది. బయట ట్రాక్టర్ల వరస, లోపల ఆగకూడని బాయిలర్, ఎండకు మగ్గిపోతున్న కాయ. రేటు కోసం రైతులు అరుస్తారు, సరుకు కోసం యజమాని ఫోనులో అరుస్తాడు, వాళ్లందరి తరఫునా నేను కోత బల్లల దగ్గర ఆడవాళ్ల మీద అరుస్తాను.

ఈ అరుపులకు మందు ఉందని సీజన్‌కు ముందు తిరుపతిలో ఒక హోటల్ హాల్లో తెలిసింది. బెంగళూరు నుంచి వచ్చిన ట్రైనర్ మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, పక్కవాడి కళ్లలోకి చూస్తూ థాంక్స్ చెప్పమన్నాడు. నా పక్కన బాయిలర్ చూసే అతను. మేమిద్దరం పని మాట తప్ప వేరే మాట మాట్లాడుకుని చాలా కాలమైంది. కళ్లలోకి చూసుకున్నాం. ఇద్దరికీ నీళ్లు తిరిగాయి. ఏసీ గాలి నేరుగా మొహాన కొట్టిందని అతను తర్వాత చెప్పాడు. నావి మాత్రం నిజమైన కన్నీళ్లే. ఒత్తిడి ఉన్న చోట మనిషికి జీతం కన్నా గుర్తింపు ముఖ్యమని ట్రైనర్ అన్నప్పుడు, ముందు వరసలో మా యజమాని మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

తిరిగి రాగానే గేటు పక్కన ఫ్లెక్సీ కట్టించాను. "కృతజ్ఞతే మన బలం" అని పెద్ద అక్షరాలు, కింద చేతులు జోడించిన నా ఫోటో. ఫోటో వేయమని నేను చెప్పలేదు. తీసేయమనీ చెప్పలేదు.

రోజూ షిఫ్టు మొదలవగానే అందరూ గుండ్రంగా నిలబడాలి, ఒక్కొక్కరు ఎవరో ఒకరికి కృతజ్ఞతలు చెప్పాలి. ఆడవాళ్లు దానికి తాంక్సు బజన అని పేరు పెట్టుకున్నారు. బజనకు పట్టే సమయం ఉత్పత్తిలో పోకూడదు కాబట్టి టీ విరామంలో కోసేశాను. వాళ్లు టీ సగం తాగి, సగం పారబోసి, పరుగెత్తుకుంటూ బల్లల దగ్గరికి వస్తుంటే, టీమ్‌లో ఎంత చురుకు వచ్చిందో అని యజమానికి చెప్పుకున్నాను.

ఇక గ్లౌజుల సంగతి. మామిడి సొన చర్మాన్ని తింటుంది. రోజంతా కాయ కోసేవాళ్లకు వేళ్ల సందుల్లో తోలు ఊడుతుంది, రాత్రి అన్నం కలుపుకుంటే కారం మంట. మేమిచ్చే పలచటి ప్లాస్టిక్ తొడుగులు మొదటి బుట్ట అయ్యేలోగా చిరిగిపోతాయి. మందపాటి రబ్బరు గ్లౌజులు కావాలని యజమానిని నేనే అడిగాను, ఆయన తెప్పించాడు. అక్కడిదాకా నేను మంచివాణ్నే. పెట్టెలు దిగాక నాకో ఆలోచన వచ్చింది: విదేశాల నుంచి సరుకు కొనేవాళ్లు చూడ్డానికి వచ్చే రోజుకు ఇవి కొత్తగా మెరుస్తూ ఉంటే ఎంత బావుంటుంది! స్టోరు రూములో పెట్టి తాళం వేశాను. యజమానికి పంచేశానని చెప్పాను. ఆడవాళ్లకు వస్తున్నాయని చెప్పాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

ఈ రోజు పొద్దున బజన చూడ్డానికి యజమాని స్వయంగా వచ్చాడు. ఆడవాళ్లు వరసగా చెప్పుకుపోయారు. సారుకు తాంక్సు, మేస్త్రీకి తాంక్సు, ఏడుకొండలవాడికి తాంక్సు. ఆయన సంతోషంగా తలూపుతున్నాడు. అప్పుడు ఆమె వంతు వచ్చింది. నలభై దాటిన మనిషి, పుత్తూరు వైపు పల్లె నుంచి, కూలీలను తెచ్చే మేస్త్రీ వ్యానులో వస్తుంది. ఆమె ఉన్న బల్ల దగ్గర నవ్వులు ఎక్కువ, నేను అటు వెళితే ఆగిపోతాయి.

"సారుకు తాంక్సు" అంది. "గ్లౌజులు వస్తాండాయి, వస్తాండాయి అని దినామూ సెప్తా ఉండారు. ఆ మాట ఇంటా ఉంటేనే సేతుల మంట సగం సల్లబడతాది."

నవ్వులు మొదలయ్యాయి. నేనూ నవ్వాను, పాజిటివ్‌గా.

"ఇంగో తాంక్సు గూడా ఉండాది సార్. స్టోరు రూములో గ్లౌజులు ఉండాయే, వాటికి సొన తగలకుండా ఎంత బద్రంగా సూసుకుంటాండారు! మమ్మల్ని సూసుకోలేకపోయినా, వాటినన్నా సూసుకుంటాండారు గదా. దానికి."

అందరూ పగలబడి నవ్వారు. యజమాని మాత్రం నా వైపు తిరిగాడు. ఆ చూపుకు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పాజిటివ్‌గా మాట్లాడటం చేతకాకపోతే బయటికి పో. రేపటి నుంచి రావద్దు."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె "తాంక్సు సార్" అని, ఫ్లెక్సీలో నేను జోడించినట్టే, తల కొంచెం పక్కకు వంచి చేతులు జోడించి, నడుచుకుంటూ వెళ్లిపోయింది.

"గ్లౌజులేందయ్యా?" అని యజమాని అడిగాడు.

"ఆమెకు కొంచెం తిక్క సార్" అన్నాను.

గేటు బయటికి పంపడమంటే ఏమిటో మాకందరికీ తెలుసు. సీజన్ కూలి తప్ప ఆ పల్లెల్లో ఇప్పుడు వేరే పని లేదు. ఒక ఫ్యాక్టరీ వద్దన్న మనిషిని ఏ మేస్త్రీ కూడా వ్యాను ఎక్కించుకోడు, రేపు తననూ వద్దంటారని భయం. ఆ ఒక్క మాటతో ఆమె సీజన్ అంతా ఊడ్చేశాను. తర్వాత ఆఫీసులో కూర్చుని ఏసీ పెంచుకున్నాను.

మధ్యాహ్నం గేటు వైపు నుంచి నవ్వులు వినిపించాయి. కాయ దించుకోవడానికి రోజుల తరబడి ఎదురుచూసే రైతులు నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. గొడవేమో అని వెళ్లాను. ఆమె అక్కడే ఉంది. ఎక్కడికి పోతుంది? మేస్త్రీ వ్యాను వచ్చేది సాయంత్రమే. బయటికి పో అన్నప్పుడు నాకు ఆ సంగతే తట్టలేదు. కాటా పక్కన రేకుల నీడలో కూర్చుని, ట్రాక్టర్ల వాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి, బజన నడిపిస్తోంది.

"నిన్న ఒక రేటు, ఈ పొద్దు ఒక రేటు సెప్పినందుకు ఫ్యాక్టరీకి తాంక్సు" అన్నాడు ఒక ముసలి రైతు.

"అట్ల గాదన్నా. పక్కనోని కండ్లల్లోకి సూసి సెప్పాల. నీ సేతిలో ఆ టీ ఉండాదే, ముందు దాన్ని పారబోయి. టీ తాగతా సెప్తే అది తాంక్సే గాదు."

మళ్లీ నవ్వులు. అప్పుడు ముసలాయన నన్ను చూసి, ఫ్లెక్సీ వైపు చూసి, మళ్లీ నన్ను చూశాడు. "మే, ఈయప్పే గదా ఆ పటంలో ఉండేది?"

ఆమె వెనక్కి తిరిగి చూడనైనా లేదు. "ఆయప్పే. ఎప్పుడు సూడూ రెండు సేతులూ జోడించుకునే ఉంటాడు. ఇంగ తాళం తీసేదానికి సెయ్యి యాడ ఖాళీ?"

నాకు కోపం రావాలి, రాలేదు. జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటోంది.

"లోపలికి రామ్మా" అన్నాను.

"ఎందుకు సార్?"

"పొద్దున తప్పుగా మాట్లాడినాను. సారీ."

"తాంక్సు బజన అయిపోయింది, ఇంగ సారీ బజనా?" చేతులు చాపింది. వేళ్ల సందులు ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. "పంపించింది అందరి ముందర. పిలిచేది ఈడ, కాటా కాడ, గుట్టుగానా? మీ సారీ నాకెందుకు సార్? నేను అబద్దం సెప్పినాననుకున్నారు మీ యజమాని. తిక్కదనుకున్నారు."

ఆమె వెళ్లిపోయాక నేను అన్న మాట అది. అక్కడున్న అరవై మందిలో ఎవరు మోసుకొచ్చారో అడగలేదు. ట్రైనర్ చెప్పిన ఓపెన్ కమ్యూనికేషన్ మా ఫ్యాక్టరీలో బాగానే నడుస్తోంది, నా గుండా మాత్రం కాదు.

నేరుగా యజమాని గదికి వెళ్లాను. గ్లౌజులు పంచలేదని, తాళం వేయాలన్న ఆలోచన నాదేనని, ఆమెకు తిక్క లేదని చెప్పాను. "మరి విదేశాల వాళ్లు వచ్చిన రోజు ఏం చూపిస్తాం?" అన్నాడు ఆయన. సొన మరకలున్న గ్లౌజులు చూపిద్దామన్నాను. ఆయనకు నచ్చలేదు. కాదనలేదు.

ఆమెను లోపలికి తీసుకొచ్చాను. టీ వేళ బల్లల దగ్గర అందరినీ నిలబెట్టాను. గుండ్రంగా కాదు, ఎక్కడివాళ్లను అక్కడే. పొద్దున ఆమె చెప్పింది నిజమని, అబద్ధం చెప్పింది నేనని, పనిలోంచి పంపినది తప్పని చెప్పాను. రేపటి నుంచి బజన లేదు, టీ విరామం ముందున్నంత ఉంటుంది అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలవాటుగా నేను ఒక్క క్షణం ఎదురుచూశాను, దానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తర్వాత తాళం తీసి, పెట్టెలు నేనే మోసుకొచ్చి, ఒక్కొక్కరి చేతికీ గ్లౌజుల జత ఇచ్చాను. ఆమె తొడుక్కుని, వేళ్లు మూసి తెరిచి చూసుకుని, కత్తి అందుకుంది.

సాయంత్రం వ్యాను దగ్గరికి వెళ్లాను. ఆమె సీటుకు అప్పుడే వేరే మనిషిని మాట్లాడేశానన్నాడు మేస్త్రీ.

"ఇద్దరినీ తీసుకురా" అన్నాను.

"వ్యానులో జాగా లేదు సార్."

"జాగా నువ్వు చూసుకో. ఈమె రాకపోతే నీ వ్యాను లోపలికి రాదు." వ్యానులోని వాళ్లందరికీ వినిపించేలాగే అన్నాను. ఈ ఒక్కరోజు నా అరుపు ఎవరికో పనికొచ్చింది.

ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. థాంక్స్ చెప్పలేదు. గేటు వైపు చూసి, "సార్, ఆ పటం వొద్దనుకుంటే మాకీండి. వ్యాను పైన రేకు కారతాండాది" అంది.

వాచ్‌మన్ స్టూలు తెచ్చుకుని నేనే ఎక్కి తాళ్లు విప్పాను. చుట్టబోతుంటే మేస్త్రీ వద్దని, విప్పినది విప్పినట్టే వ్యాను పైన పరిచి కట్టమన్నాడు. నా మొహం కిందికి తిప్పి కడదామన్నాను. "ఆ పక్క రంగు లేదు సార్, నీళ్లు ఆగవు" అన్నాడు. అది నిజమో కాదో నాకు తెలియదు. నేను వాదించలేదు. మొహం పైకే ఉంచి, నాలుగు మూలలా గట్టిగా ముడులు వేశాను.