ఇచ్చేసిన పీరియడ్లు

పద్దెనిమిదేళ్లుగా ఆ హైస్కూల్లో బొమ్మలు నేర్పుతున్న ఆవిడను పిల్లలు రంగుల టీచరు అంటారు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. పరీక్షలు దగ్గరపడితే చాలు, లెక్కల మాస్టారు తలుపు దగ్గర ప్రత్యక్షం. చెల్లెమ్మా, ఈ ఒక్క పీరియడూ ఇవ్వమ్మా అని ఆయన గోముగా అడగడం, ఈవిడ బోర్డు మీద సగం గీసిన కూజాను తనే తుడిచి సుద్దముక్క ఆయన చేతిలో పెట్టడం. ఆ బడిలో పరీక్షలు ఎప్పుడు దగ్గర లేవు గనక? పాఠం చెప్పినవారే రిజిస్టరులో సంతకం పెట్టాలి కాబట్టి ఆ గంటకు సంతకమూ ఆయనదే.

అలాగని ఆవిడకు తన విద్య మీద పట్టింపు లేదనుకునేరు. మార్కులు లేని చదువులను బడుల్లోంచి ఊడ్చేస్తున్నారని తోటి టీచర్లను కూడగట్టి, తొమ్మిదేళ్లు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. అట్టల మీద నినాదాలన్నీ తనే రాసింది. చివరికి ప్రభుత్వం దిగొచ్చి కొత్త నిబంధన తెచ్చింది. చిత్రలేఖనం పాఠాలు నిజంగా జరుగుతున్న బడిలో ఆ పోస్టును ఎవరూ తీసేయడానికి వీల్లేదు. ఆ రోజు ఆవిడ స్టాఫ్‌రూములో మిఠాయి పంచింది. లెక్కల మాస్టారు రెండు తీసుకున్నారు.

నెల తిరక్కుండానే తనిఖీ అధికారి వచ్చి రెండేళ్ల రిజిస్టరు తిరగేశాడు. ఎనిమిదో తరగతికి వారానికొకటి చొప్పున జరగాల్సిన డెబ్భై రెండు పీరియడ్లలో ఆవిడ సంతకాలు తొమ్మిది; మిగతా తరగతులదీ అదే లెక్క. ఇక్కడ పాఠాలు జరగడం లేదు, వచ్చే ఏడాది నుంచి పోస్టు రద్దు అని రాసేశాడు. ఆ గంటలన్నీ సర్దుకోమ్మా అని ఇప్పించిన హెడ్మాస్టరు, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

"నన్నేం చెయ్యమంటావు చెల్లెమ్మా, నువ్వేగా ఇచ్చావు" అన్నారు లెక్కల మాస్టారు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద, హెడ్మాస్టరు మీద, అందరికంటే ఎక్కువగా తన మంచితనం మీద. ప్రభుత్వంతో తొమ్మిదేళ్లు కొట్లాడిన నోరు, పక్కగది మనిషికి ఒక్కసారి కాదని చెప్పలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఎనిమిదో తరగతిలో కూజా గీస్తుంటే తలుపు దగ్గర మళ్లీ అదే గొంతు. ఎలాగూ పోస్టు పోయిందిగా, పరీక్షలు నెత్తి మీదున్నాయి అంటూ ఆయన సుద్ద కోసం చెయ్యి చాచారు.

"ఇవ్వను అన్నయ్యగారూ" అంది ఆవిడ, బోర్డు వైపు తిరిగే. "ఈ క్లాసులో నాకింక పదకొండు పీరియడ్లే మిగిలాయి."

గంట కొట్టాక రిజిస్టరు తెప్పించి, గడి దాటి లెక్కల గడిలోకి పోయేంత పెద్దగా సంతకం పెట్టింది.