నోరు దాటని పిలుపు

నర్సాపురంలో మా నాయనమ్మ దెయ్యాల కథ మొదలుపెడితే మధ్యలోనే గుర్రుపెట్టి నిద్రపోయేదాన్ని. దెయ్యాలంటే నాకు నమ్మకమూ లేదు, వాటి కోసం తీరికా లేదు.

రెండువేల ఆరేడు ప్రాంతంలో సౌదీలో, నజ్రాన్‌లోని ఒక ఆసుపత్రిలో ఈఈజీ పరీక్షలు చేసేదాన్ని. రోగి తలకు తీగలు అంటించి, మెదడులోని అలలను తెర మీద చూడటం నా పని.

సలీం కడప కుర్రాడు, ట్యాంకర్ డ్రైవరు. యాక్సిడెంటులో మెదడు లోతున తలామస్ దగ్గర దెబ్బ తగిలింది. మన ధ్యాస దేని మీదికి పోవాలో తేల్చే వాకిలి లాంటిది అది. కళ్లు మూసుకుని అలాగే పడి ఉన్నాడు. ఆ రోజు పరీక్షలో కూడా స్పందన లేకపోతే ఇక ఆశ లేదని రాసేస్తానన్నాడు ఈజిప్టు డాక్టరు. అంటే ఐసీయూ నుంచి తీసేస్తారు.

సలీం వాళ్లన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అక్కా, మా వానికి ఇనపడతాండాదా?" అని అడిగాడు.

డాక్టరు వచ్చేలోగా ఒకసారి చూద్దామని చెవి దగ్గర "సలీం!" అని అరిచాను. చప్పట్లు కొట్టాను. తెర మీద అవే పెద్ద, మందకొడి అలలు. మనిషి ధ్యాస పెడితే అవి చిన్నబడి, చురుగ్గా మారాలి. ఏ మార్పూ లేదు.

మా తమ్ముడి ఈడువాడు. 'లేవరా చంటోడా' అనుకున్నాను మనసులో, మా తమ్ముణ్ణి లేపినట్టు.

అలలు మారాయి.

తీగ వదులైందేమోనని అన్నీ నొక్కి చూశాను. సరిగ్గానే ఉన్నాయి. అలలు మళ్లీ మందగించేదాకా ఆగి, పైకి పిలిచాను. కదలిక లేదు. పెదవులు బిగించి, మనసులో పిలిచాను. మారాయి. బయటికి వెళ్లి, తలుపు అద్దంలోంచి తెర చూస్తూ మనసులోనే పిలిచాను. మళ్లీ మారాయి. ప్రభువా అనుకోవడానికి కూడా భయమేసింది, దానికేం మారుతుందోనని.

డాక్టరు వచ్చి పిలవమన్నాడు. పైకి "సలీం" అన్నాను, లోపల 'చంటోడా' అన్నాను. తెర చూసి ఆయన ముఖం విప్పారింది. వైద్యం ఆపొద్దన్నాడు. అసలు సంగతి చెబితే నన్నే మంచమెక్కిస్తాడని నోరు మూసుకున్నాను.

కొన్ని వారాలకు సలీంకి తెలివొచ్చింది, మాటా వచ్చింది. చూడటానికి వెళ్లాను. నేనింకా పలకరించనే లేదు.

"చంటోడా అని పిలిచినావే, అది నువ్వే కదక్కా?" అన్నాడు. "మా ఇంట్లో నన్నెవరూ అట్ల పిలవరు."

తలామస్ గురించి ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. దీనికి జవాబు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఊరెళ్లినప్పుడు మా తమ్ముణ్ణి 'చంటోడా' అని పిలవబోయి, ఇప్పటికీ పేరు పెట్టే పిలుస్తాను, ఇంకెవరైనా పలుకుతారేమోనని.