సారుకు ముందే చెప్పారు

ఆ రోజు మిషన్ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించలేకపోయాను. చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా సలుపు. సిద్దిపేటలో మాది చిన్న టైలరింగ్ షాపు. నాకప్పుడు ఆరో నెల. పెళ్లయిన ఏడేళ్లకు నిలిచిన కడుపు. చలిగాలి తగిలిందేమోలే అని వేడినీళ్లు తాగి పడుకున్నాను. తెల్లారేసరికి మంటలాంటి జ్వరం, పొడిదగ్గు.

స్వైన్ ఫ్లూ మళ్లీ ఊళ్లమీద పడిన ఏడాది అది. టీవీలో రోజూ అదే గోల. మా ఆయన నన్ను నేరుగా సారు దగ్గరికి తీసుకెళ్లాడు. సారంటే మా ఇంటి డాక్టరు. నంగునూరులో ఉండే మా అవ్వకు కామెర్లు ముదిరితే బతికించింది ఆయనే. మా ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు.

ఫ్లూ పరీక్ష రాయమని మా ఆయన అడిగితే సారు నవ్వాడు.

"టీవీ చూసి భయపడకుర్రి. సర్ది జ్వరమే ఇది. గట్ల ఏదన్న ఉంటే డాక్టర్లకు ముందుగాల చెప్పరా?"

ఆ మాటకే నాకు సగం జ్వరం తగ్గినట్టయింది. ఇంజెక్షన్ చేసి, యాంటీబయాటిక్ రాసి, మూడు రోజులు చూద్దామన్నాడు. చూశాం. నాలుగో రోజు బాత్రూం దాకా నడిస్తే ఊపిరి అందలేదు. మళ్లీ వెళితే వేలికి మిషన్ పెట్టి చూసిన సారు ముఖం మారిపోయింది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గింది, వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు.

పెద్ద దవాఖానలో పరీక్షకు ముక్కులోంచి స్వాబ్ తీశారు. రిపోర్టు రాకముందే ఫ్లూ టాబ్లెట్ మింగించారు. స్వైన్ ఫ్లూ పాజిటివ్, రెండు వైపులా న్యుమోనియా అన్నారు. ఐసీయూలో మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. మూడో రోజు స్కానింగ్ చేస్తున్న డాక్టరమ్మ తెరను తనవైపు తిప్పుకుంది. హార్ట్ బీట్ లేదమ్మా అంది. నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. నాకు చూపించలేదు. మా ఆయన చూశాడు. ఎలా ఉందో నేను ఇప్పటికీ అడగలేదు, ఆయన చెప్పలేదు.

డిశ్చార్జి కాగితాలు రాస్తూ డాక్టరమ్మ ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చారని అడిగింది. మూడు రోజులు చూద్దామన్నారని చెప్పాను. ఆమె రాయడం ఆపింది.

"ఈ ఫ్లూ రోజుల్లో గర్భిణులకు జ్వరం, దగ్గు వస్తే రిపోర్టు కోసం ఆగకుండా ఫ్లూ టాబ్లెట్ మొదలుపెట్టమని డాక్టర్లందరికీ ఆరోగ్యశాఖ వాళ్లు ముందే రాసి పంపారమ్మా. మొదటి రెండు రోజుల్లో పడితే బాగా పనిచేస్తుంది."



ఆయాసం లేకుండా మెట్లెక్కడానికి రెండు నెలలు పట్టింది. ఎక్కగలిగిన రోజే సారు క్లినిక్‌కు పోయాను. ముందే పంపారట కదా అని అడిగితే, మాకేం రాలేదన్నాడు. ఫోన్ చూపించమన్నాను. జాకెట్ కొలత వేలెడు తప్పితే నన్ను నిలబెట్టి అడుగుతారు, నేనెందుకు అడగకూడదు? డాక్టర్ల వాట్సాప్ గ్రూపు తెరిచి పాత మెసేజీల్లోకి పోయాడు. గుడ్ మార్నింగ్ పూలు, పుట్టినరోజు కేకులు, దేవుళ్ల ఫొటోలు. వాటి మధ్య ఫ్లూ మీద జిల్లా ఆరోగ్య ఆఫీసరు పంపిన పీడీఎఫ్. నాకు జ్వరం రావడానికి నాలుగు రోజుల ముందుది. దానిమీద డౌన్‌లోడ్ బాణం గుర్తు అలాగే ఉంది, తెరవనే లేదు. కిందనే సారు పెట్టిన జవాబు: "నోటెడ్ సర్", పక్కన దండం పెడుతున్న చేతులు.

"ఆఫీసర్లు ఏదన్న పెడితే అందరం గట్లనే పెడ్తం బిడ్డా. పెట్టకుంటే మర్యాద గాదు," అన్నాడు.

"చదవకుండనా సారూ?"



ఏమీ రాలేదన్నది నిజమైతే కడుపులో పెట్టుకునేదాన్ని. తెలిసిందని పైవాళ్లకు దండం పెట్టాడు, ఏమీ లేదని మమ్మల్ని నమ్మించాడు. బిడ్డ పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఈ మోసం ఒక ఎత్తు. మా అవ్వ ఇప్పటికీ ఆయన దగ్గరికే పోతుంది. పెద్దమనిషి, ఏదో పొరపాటు అయిందంటుంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది. షాపు నడుస్తోంది. చలికాలంలో దగ్గు వస్తే మాత్రం గుండె గుబేలుమంటుంది. మళ్లీ కడుపు నిలవలేదు.

మీకు ఒక్కటే చెప్తాను. ఫ్లూ రోజుల్లో ఏ డాక్టరు దగ్గరికి పోయినా, పైనుంచి కొత్తగా ఏం చెప్పారు, మీరు చదివారా అని నోరు తెరిచి అడగండి. ఆయనేమనుకుంటాడో అని ఊరుకోకండి. పోయిన చలికాలం మా ఆడబిడ్డకు ఐదో నెలలో జ్వరం వస్తే వేరే డాక్టరుకు చూపించాను. చీటీ రాసి చేతికిచ్చాక అదే అడిగాను. ఆయన ముఖం చిట్లించాడు. చిట్లించుకోనీ అని నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి ఫోన్ తీసి, పైనుంచి వచ్చిన కాగితం నా ఎదుటే చదివాడు. చదివాక నా చేతిలోని చీటీ వెనక్కి తీసుకుని చింపేసి, ఇంకోటి రాశాడు.