గంజి పెట్టిన ఇంజన్

మా తమ్ముడు పోయాడని గద్వాల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని పత్రిక చదువుతున్నాను. ఫోన్ చేసిన మరదలు ఏడవలేదు. "వదినా, పొద్దుగాల షెడ్డుకు వోతనని చెప్పులేసుకున్నడు. గడప కాడనే కూసున్నడు. దవాఖానకు తీస్కపోయేలోపల్నే అయిపోయింది" అన్నది. తర్వాత ఆమె, "నువ్వొచ్చి చూసేదాంక బానెట్ ఎవల్నీ ముట్టనియ్యలే వదినా" అన్నది.

ఆ బానెట్ నా కారుది. మా ఆయన ఉన్నప్పుడు కొన్న చిన్న కారు. ఆయన పోయాక కొన్నేళ్లు నేనే నడిపాను. తర్వాత ఇంజన్ పట్టేసింది. చూసిన మెకానిక్‌లందరూ తుక్కు కింద అమ్మేయమన్నారు. వద్దన్నది తమ్ముడొక్కడే. గద్వాలలో అతనికి జీపులు, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. అంతకు ముందు చాలాకాలం ధరూరు వైపు ఊళ్లకు జీపు నడిపాడు. ఆ జీపు బాడీ తుప్పు పట్టి రాలిపోయినా, ఇంజన్‌ను మాత్రం షెడ్డు మూలన చెక్క దిమ్మెల మీద నిలబెట్టుకున్నాడు. అప్పుడప్పుడు డీజిల్ పోసి, నిలబెట్టిన చోటనే నడిపి, కళ్లు మూసుకుని వినేవాడు.

"దీనికి పాణమున్నది, ఒళ్లు లేదక్కా. నీ కారుకు ఒళ్లున్నది, పాణం లేదు. రెండిటినీ కలుపుత" అన్నాడు.

"అది జీపు ఇంజన్ రా. ఇదేమో ఇంతంత కారు. ఏనుగును తెచ్చి మేకల దొడ్లె కడతనంటవేంది?"

"కడత. ఏనుగు జర ముడుసుకోని కూసుంటది."

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ముందు బ్రేకులు మార్చాలన్నాను. ముందు వైపు బరువు పెరుగుతుంది కాబట్టి స్ప్రింగులు మార్చాలన్నాను. రవాణా ఆఫీసు అనుమతి లేనిదే రోడ్డెక్కనివ్వనన్నాను. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజన్ చుట్టూ, బానెట్ కిందా నా వేలు ఎక్కడా అడ్డం తగలకుండా తిరగాలి. పెద్ద ఇంజన్ ఊగుతుంది. ఊగినప్పుడు ఇనుము ఇనుముకు తగలకూడదు.

"ఆ కార్ల నా మనవరాలు ఎక్కుతది, యాదుంచుకో" అన్నాను.

"అయితే ఇగ మాట్లాడేది లేదు. నీ వేలే కొలత" అన్నాడు. తనకేం కావాలో కూడా అప్పుడే చెప్పాడు. "దాని సప్పుడు మల్లొక్కసారి రోడ్డు మీద వినాలె అక్కా. నిన్ను ఎక్కించుకోని కృష్ణ ఒడ్డుకు, సోమశిల దాంక పోవాలె. గంతే."

కారును ట్రాక్టరుకు కట్టి, వనపర్తి మీదుగా గద్వాలకు లాక్కుపోయాం. స్టీరింగ్ దగ్గర అతను, పక్కన నేను. వనపర్తిలో టీ హోటల్ ముందు ఆగితే, అక్కడ కూర్చున్న ఒకాయన తాడు వంక చూసి, "ఏం మేస్త్రీ, కారును నీళ్లకు తోల్కపోతున్నవా?" అన్నాడు.

"లేదన్నా. మా అక్క మ్యాత ఎయ్యలే, బక్కగైంది. దవాఖానకు తీస్కపోతున్న."

అక్కడ నేను నవ్వలేదు. ఊరు దాటాక కిటికీ వైపు తిరిగి నవ్వాను. అతను అద్దంలో చూశాడు, చూడనట్టే ఉన్నాడు.

మాది గద్వాలలో నేత ఇల్లు. మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు రకాల పోగులు కలిసే చోట ఒకదానిలో ఒకటి మెలిక పడి ముందుకు పోవాలి. ఆ పని ఒక్కరితో కాదు. నాన్న మగ్గంలో కూర్చుంటే, తమ్ముడు పక్కన కూర్చుని, పట్టు పోగు చుట్టిన అంచు నాడెను అటూ ఇటూ వేసేవాడు. నేను చదువు వైపు పోయాను. అతను మగ్గం మీది నుంచి లేచి జీపెక్కాడు. కానీ ఇనుము పట్టుకున్నా నేత పని పట్టుకున్నట్టే పట్టుకునేవాడు. "పనంతా అతుకు కాడనే ఉంటదక్కా. మిగిలింది ఊకెనే నడుస్తది" అనేవాడు.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరి బండి బానెట్ తెరవాలన్నా ముందు వేలితో మెల్లగా తట్టేవాడు, ఇంటి తలుపు తట్టినట్టు. ఎందుకురా అంటే, "లోపల ఎవలు ఏం పనిల ఉన్నరో, చెప్పకుండ పోతే బాగుంటదా?" అనేవాడు. నా కారు పాత ఇంజన్‌ను బయటికి తీసినరోజు దాన్ని కిరోసిన్‌తో కడిగి, తుడిచి, పసుపు బొట్టు పెట్టి పక్కన కూర్చోబెట్టాడు. "ఇన్నేండ్లు మోసింది. పారేస్తే పాపం" అన్నాడు.

జీపు ఇంజన్‌ను మాటిమాటికీ గొలుసుతో ఎత్తి కారులోకి దించి చూడటం ప్రమాదం. దానికి అతనొక ఉపాయం చేశాడు. మగ్గం ఇంట్లో పుట్టినవాడికే తడుతుంది అది. పాత ధోతులను చిక్కటి గంజిలో ముంచి, ఇంజన్ మీద పొరలు పొరలుగా కప్పి, ఆ ఆకారం వచ్చాక కోసి తీసి, మళ్లీ కుట్టాడు. ఇంజనంత ఆకారం, చేటంత బరువు. దాన్ని కారులో పెట్టి, ఎక్కడ తగులుతుందో, ఎక్కడ రేకు కోయాలో, ఇంజన్‌ను పట్టి ఉంచే బ్రాకెట్లు ఎక్కడ అతకాలో చూసుకోవచ్చు.

"అక్కా, కూసున్నది! బానెట్ వడ్డది!" అని ఫోన్‌లో అరిచాడు. మరునాడే బస్సెక్కి పోయాను. గుడ్డ ఇంజన్ కారులో సొంతింట్లో ఉన్నట్టు కూర్చుంది. నా వేలు చుట్టూ తిరిగింది. అతను నడుము మీద చేతులు పెట్టుకుని, పెళ్లికొడుకు తండ్రిలాగా నిలబడ్డాడు. అంత సులువుగా కుదిరేసరికి నాకు అనుమానం వచ్చింది. సంచిలోంచి టేపు తీసి ముందు ఇనుప ఇంజన్‌ను, తర్వాత గుడ్డ ఇంజన్‌ను కొలిచాను. ఎటు కొలిచినా గుడ్డది చిన్నగా ఉంది.

"తడిగుడ్డను ఏడ ఎండేసినవ్‌రా?"

"దండెం మీద. ఇంజన్ మీద ఆరేదాంక ఎవడు ఆగుతడు?"

"నేతోళ్ల ఇంట్ల పుట్టి, నూలు ఎండితే గుంజుకపోతదని తెల్వదా నీకు?"

తల మీద రెండు చేతులూ పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. "నాయిన ఉంటే నాడెతోని కొడుతుండె" అన్నాడు.

చాయ్ తెచ్చిన మరదలు ఊరుకోలేదు. "ధోతులన్నీ ఆగం జేసిండు వదినా. ఇగ ఆ ఇంజన్నే కట్టుకోని తిరుగుమను."

ముందు నవ్వింది అతనే. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. అతని తప్పును అతని ముందు పెడితే అలా నవ్వి, మరునాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. ఇన్నేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను కదా, ఆ గుణం ఎంత అరుదో నాకు తెలుసు.

తర్వాత అన్నీ నేను చెప్పిన వరుసలోనే చేశాడు. బ్రేకులు మార్చి, ఇంజన్ లేని కారును షెడ్డు ముందున్న వాలులో దొర్లించి, తొక్కి చూసుకుని ఫోన్ చేశాడు: "ఆగుతున్నదక్కా. ఇగ నడుసుడే మిగిలింది." స్ప్రింగులు మార్చాడు. రెండో గుడ్డ ఇంజన్ కూడా తయారైందన్నాడు. "ఈసారి పోయినసారి లెక్క కాదు. నువ్వొచ్చి వేలు పెట్టి సరే అంటెనే ఇనుము దించుత. అందాక ఎవల్నీ ముట్టనియ్య."

మనవరాలి పరీక్షలు అయ్యాక వస్తానన్నాను.

"పరీక్షలే ముఖ్యం. పరేషాన్ గాకు. ఇంజన్ యాడికి వోతది?" అన్నాడు.

ఇంజన్ ఎక్కడికీ పోలేదు. దినాలు అయ్యాక మరదలు, నేను షెడ్డుకు వెళ్లాం. జీపు ఇంజన్ దిమ్మెల మీద తన మూలనే ఉంది. పక్కన అతని స్టూలు ఉంది. కారు బానెట్ వేసి ఉంది. తెరిచే ముందు మరదలు దాని మీద వేలితో మెల్లగా తట్టింది. తర్వాత ఇద్దరం కలిసి ఎత్తాం.

లోపల ఈసారి ధోతి గుడ్డ కాదు. వెలిసిపోయిన వంకాయ రంగు నూలు, మీద పట్టు అంచు.

"ఇది నీ పెండ్లి చీర గాదా?"

"అదే వదినా. మామ నేసింది. ఈయన అంచు నాడె ఏసిండు. నేనే ఇచ్చిన. ఏండ్లకేండ్లు ఉతికిన చీర, ఇగ గుంజుకపోయేటందుకు దీంట్ల ఏం మిగల్లే అన్నడు. ఇంజన్ మీదనే ఆరనిచ్చిండు. ఆరేదాంక గా స్టూలు మీదనే కూసున్నడు, ఈగను గూడ వాలనియ్యలే."

నేను టేపు తీశాను. ఇనుప ఇంజన్‌ను కొలిచాను, చీరను కొలిచాను. ఈసారి తేడా లేదు. అప్పుడు వేలు పెట్టాను. ముందు నుంచి మొదలుపెట్టి, పక్కగా, వెనక రేకు దగ్గరికి పోనిచ్చాను. ఆ మూలలో తగులుతుందనుకున్నాను. అక్కడ రేకును కొద్దిగా వెనక్కి కొట్టి, కొట్టిన చోటును అరచేతిలా నున్నగా చేసి పెట్టాడు. వేలు ఆగలేదు. పట్టు అంచు పొడుగునా వచ్చి, మొదలుపెట్టిన చోటికి చేరింది.

"తగిలిందా వదినా?"

"ఏడా తగల్లే."

బానెట్ దించాను. మెల్లగా ఒత్తితే పడింది.

బయట రోడ్డు మీద ట్రాక్టర్లు, ఆటోలు పోతున్నాయి. వాటిలో ఏదో ఒక డీజిల్ బండి దగ్గరికి వచ్చి, షెడ్డు దాటి, దూరమైపోయింది. మరదలూ నేనూ ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా అలాగే నిలబడ్డాం.

సాయంత్రం బస్సులో చూసుకుంటే నా వేలి కొసన తెల్లటి గంజి పొడి అంటుకుని ఉంది. వనపర్తి వచ్చింది, పోయింది. నాగర్‌కర్నూల్ చేరేదాకా ఆ చేతిని దేనికీ తగలనివ్వకుండా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.