అమ్మను అడిగిన మనిషి

చలికాలం మొదట్లో ట్రంకుపెట్టె తెరిచి ఉన్ని బట్టలు బయటికి తీస్తుంటే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. ఆ ఘాటుకు ముక్కు మూసుకోవాల్సింది పోయి, నేను అక్కడే కాసేపు కూర్చుండిపోతాను. ప్రమీల ఆంటీ చలికాలం పొడుగునా అదే వాసన వేసేది. స్వెట్టర్లు ఎండలో వేసే ఓపిక ఆమెకు ఉండేది కాదు. పెట్టెలోంచి తీసి అలాగే తొడుక్కుని ఆఫీసుకు బయలుదేరేది.

తొంభైలలో మేము ఢిల్లీ ఆర్.కె.పురంలో, ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఆంటీది మా కింది ఇల్లు, సొంత ఊరు హన్మకొండ. పిల్లలు లేరు. భర్త సర్వీసులో ఉండగానే పోతే, కారుణ్య నియామకం కింద ఆయన శాఖలోనే గుమస్తాగా చేరింది. క్రికెట్ పిచ్చి. ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, అవుటైన వాళ్లను పేరుపేరునా తిట్టేది. ముదురు రంగు చీరలు కట్టేది. మొగుడు పోయినామెకు ఆ ఎరుపులేమిటని మెట్ల మీద ఎవరైనా గుసగుసలాడితే, వాళ్ల పక్కకే వెళ్లి నిలబడి, చాయ్ తాగుతరా అని అడిగేది.

నాన్న కూడా కేంద్ర ప్రభుత్వంలో గుమస్తానే. ఒక ఉదయం బస్సు కోసం నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు. నేనప్పుడు బీఏ రెండో సంవత్సరం. తమ్ముడు ఏడో తరగతి. కొన్నాళ్లకు క్వార్టరు ఖాళీ చేయాలి. ఇంట్లో ఎవరికైనా నాన్న శాఖలో ఉద్యోగమొస్తే ఇల్లు నిలుస్తుంది, లేకపోతే సామాను సర్దుకుని ఒంగోలు వెళ్లిపోవడమే.

కర్మకాండ అయ్యాక పెదనాన్న అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టాడు. చెడ్డవాడు కాదు. రాత్రింబవళ్లు రైల్లో నిలబడి వచ్చి, అన్నీ తనే దగ్గరుండి జరిపించాడు. ఆయన లెక్క ఆయనకుంది. నాకిస్తే రేపు పెళ్లయి ఉద్యోగం ఇంకో ఇంటికి పోతుంది. అమ్మకు హిందీ రాదు, గడప దాటి ఎరగదు. కాబట్టి పిల్లవాడు పెద్దయ్యేదాకా ఉద్యోగం వాడి పేరున అట్టిపెట్టమని అర్జీ పెడదాం, అంతవరకూ అందరూ ఒంగోల్లో ఉండండి అన్నాడు. అమ్మ గోడకు ఆనుకుని నేలవైపు చూస్తూ కూర్చుంది.

అందరికీ టీ పట్టుకొచ్చిన ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అట్ల అట్టిపెట్టరు అన్నా," అంది. "ఇది మీ తమ్ముని ఆస్తి కాదు, కొడుకుకు రాసియ్యనీకి. ఇయ్యాల ఈ ఇంట్ల పొయ్యి వెలుగుతలేదని ఇస్తున్నరు. అయిదారేండ్లు ఆగగలిగితే, ఇంక మీకెందుకని అడుగుతరు. పరీక్ష రాసి పాసైన పిల్లలు బయట నిలబడి ఉన్నరు. వాళ్లను పక్కకు జరిపి మనకు తోవ ఇస్తున్నరు."

అవకాశాల్లో అందరూ సమానమేనని రాజ్యాంగంలో ఉన్న సంగతి కాలేజీ పుస్తకంలో చదివాను. పరీక్షకు బట్టీ కూడా పట్టాను. ఆ మాటకు అవతల మనుషులు నిలబడి ఉంటారని మాత్రం ఆ రోజే తెలిసింది.

పెదనాన్న ముఖం ముడుచుకుని, అర్జీ ఆలోచన మానుకున్నాడు. మర్నాడు నేను కిందికి వెళ్లి, కాలేజీ మానేసి ఉద్యోగంలో చేరతానని ఆంటీతో చెప్పాను. నా త్యాగానికి మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది, తల కూడా ఎత్తలేదు.

"మీ అమ్మను అడిగినవా?"

ఏమని అడగాలో నాకు అర్థం కాలేదు. ఆంటీ చేట పక్కన పెట్టి నాతోపాటే పైకి వచ్చింది. అమ్మ వంటింట్లో ఒంటరిగా ఉంది. ఆంటీ ఆమె ఎదురుగా నేల మీదే చతికిలబడింది.

"సుశీలా, నువ్వు పోతవా ఉద్యోగానికి?"

అమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది. తనది ఎప్పటిదో పదో తరగతి అంది. హిందీ రాదంది. ఢిల్లీ బస్సులంటే భయమంది. ఆంటీ దేనికీ జవాబివ్వకుండా అలాగే కూర్చుంది. చివరికి అమ్మ పైటచెంగుతో ముఖం తుడుచుకుంది.

"వెళ్తానక్కయ్యా. ఆయన పోయిన దగ్గర్నుంచీ నన్నెవరూ ఒక్కమాట అడగలేదు."

ఆ తర్వాత కొన్ని నెలలు ఎదురుచూపులు. సాయంత్రాలు అమ్మా నేనూ మునిర్కాకు నడిచి వెళ్లేవాళ్లం. అక్కడ ఒక ఇరుకు సందులో, మేడ మీద టైపు నేర్పేవారు. చుట్టూ నా వయసు పిల్లలు టకటకా కొడుతుంటే మధ్యలో అమ్మ ఒక్కో అక్షరం వెతుక్కునేది. ఇంటికొచ్చాక ఆంటీ హిందీ నేర్పేది. పాఠం సగం కూరగాయల బండి దగ్గర, సగం క్రికెట్ కామెంటరీలో. అమ్మకు ముందుగా పట్టుబడిన హిందీ మాటలన్నీ తిట్లే. నాన్న పోయాక అమ్మ మొదటిసారి నవ్వింది ఆ తిట్లకే.

డిసెంబరులో అమ్మ ఉద్యోగంలో చేరింది. ఆంటీ తన స్వెట్టర్ ఇచ్చి, బస్టాపు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఆఫీసు దాకా తోడు రమ్మని నేను బతిమాలితే, లోపలికి ఆమెనే పోవాలె అంది.

ఆ సాయంత్రం అమ్మ ఏడుస్తూ వచ్చింది. సెక్షన్‌లో ఒకాయన అందరి ముందూ అన్నాడట, మా మేనల్లుడు పరీక్ష పాసై ఇంట్లో కూర్చున్నాడు, మీరేమో నేరుగా వచ్చి కుర్చీలో కూర్చున్నారని. నాకు ఒళ్లు మండిపోయింది. ఆంటీ కూడా వాడిని కడిగేస్తుందనుకున్నాను.

"ఆయన అన్నది అబద్ధం కాదు సుశీలా," అంది ఆంటీ. "నీ కష్టం కూడ అబద్ధం కాదు. రెండూ ఉన్నయి. నువ్వు రేపు మల్ల పో."

అప్పుడే తన సంగతి చెప్పింది. భర్త పోయినప్పుడు ఆ ఉద్యోగం మరిదికి ఇప్పించమని అత్తవారు పట్టుబట్టారట. కాదని తనే చేరితే, మళ్లీ ఆ ఇంటి తలుపు ఆమెకు తెరుచుకోలేదు. దానికి తాను బాధపడటం మానేసిందట.

"నేను కూసున్న కుర్చీ ఇంకెవరికో రావలసింది కావచ్చు. ఆ పిల్లనో పిలగాడో ఎవరో నాకు తెల్వది. ఎక్కడున్నా మంచిగుండాలె అనుకుంట, అంతే," అంది.

అమ్మ మర్నాడు మళ్లీ వెళ్లింది. నాన్న క్వార్టరే ఆమె పేరున వచ్చింది. తమ్ముడు అక్కడే చదువుకున్నాడు, నేను లా చదివాను. పెదనాన్న రెండేళ్ల తర్వాత వచ్చి, అమ్మ ఆఫీసు నుంచి తిరిగొచ్చేదాకా కూర్చుని, ఆమె చేతి కాఫీ తాగి వెళ్లాడు.

తొంభైల చివర్లో ఆంటీ రిటైరై, క్వార్టరు అప్పగించి హన్మకొండకు చెల్లెలి దగ్గరికి బయలుదేరింది. మాతోనే ఉండిపొమ్మని బతిమాలాను.

"మీ అమ్మకు ఇప్పుడు నాతోని పనిలేదు. అది నాకెంత హాయిగ ఉన్నదో నీకు తెల్వది," అంది.

ఆదివారాలు ఫోన్ చేస్తే మాట్లాడేది ఎక్కువగా క్రికెట్టే. కొన్నేళ్లకు ఒక ఆదివారం ఫోన్ ఆమె చెల్లెలు ఎత్తి, అక్క పోయిందని చెప్పింది. ఆ తర్వాత చాలాకాలం, మెట్లు దిగేటప్పుడు కింది తలుపు దగ్గర నా కాళ్లు వాటంతటవే ఆగేవి. లోపల ఎవరో పంజాబీ కుటుంబం. వాళ్ల పిల్లలు నన్ను వింతగా చూసేవారు.

ఇప్పుడు నేను ఉద్యోగుల కేసులు వాదిస్తాను. మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలు నా దగ్గరికి వస్తాయి. బావగారో, అన్నగారో, ఎదిగిన కొడుకో ముందు కుర్చీలో కూర్చుని అంతా చెబుతారు. పోయినాయన భార్య వెనక కుర్చీలో ఉంటుంది. నేను వాళ్లను ఒక్క నిమిషం ఆగమని, ఆమెవైపు తిరిగి, మీరేమనుకుంటున్నారమ్మా అని అడుగుతాను. చాలామంది మాటలు వెతుక్కుంటారు, పక్కవాళ్ల ముఖాలు చూస్తారు. నేను తొందరపెట్టను. ఆంటీలా అంత నిశ్చింతగా, ఎంతసేపైనా కూర్చోవడం మాత్రం నాకింకా చేతకాదు. ఆ కాసేపూ నా పక్కన ఆమె ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.