మోళ్లకు తగిలే ఎర

వాన వెలిశాక టీ రంగుకు తిరిగిన రిజర్వాయర్ నీళ్ల వాసన సోకితే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

మేం విదేశంలో, వుడ్‌ల్యాండ్స్ అనే పేటలో ఉన్న రోజుల్లో ఆదివారాలు నాన్న నన్ను అలాంటి నీళ్ల దగ్గరికే పీకాక్ బాస్ చేపలు పట్టడానికి తీసుకెళ్లేవాడు. మునిగిపోయిన చెట్ల మోళ్లు నీళ్లలోంచి పొడుచుకొచ్చి ఉండేవి. నాన్న విసిరిన ఎర ప్రతిసారీ వెళ్లి ఏదో ఒక మోడుకి కొట్టుకునేది. ఈయనకి విసరడం చేతకాదని నా నమ్మకం. చేప పడితే అదృష్టం అనుకునేవాణ్ణి. ఒకసారి నా క్లాస్‌మేట్ ముందే అనేశాను.

"ఇన్ని నీళ్లుంటే మళ్లీ చెట్టుకే కొట్టావా నాన్నా? సో లౌజీ లాహ్, మరీ చెత్త!"

వాడు పగలబడి నవ్వాడు. నాన్న మొహం చిన్నబోయింది. "సరేలేరా, అటు వేస్తాలే" అన్నాడు. అప్పట్నుంచి మోళ్లు లేనిచోటే విసిరేవాడు. చేపలు పడటం ఆగిపోయింది. ఆయనకి విసరడం నేర్పింది నేనేనని నేను మాత్రం విర్రవీగాను.

మసక నీళ్లలో చేప మోడు చాటునే మాటు వేస్తుందని, ఎరని కావాలనే దానికి తగిలించాలని నాకు తెలిసేసరికి నాన్న గాలం పట్టడమే మానేశాడు.

ఆ ఆదివారాల్లో చేపల్లేకుండా ఇంటికొస్తూ అడిగేవాడు, "ఇవాళ బాగా వేశానంటావా?"

"పర్లేదు, ఇంప్రూవ్ అయ్యావ్" అనేవాణ్ణి.