బొటనవేలి మొదట్లో జీను

2023 ఫిబ్రవరి 13, సోమవారం. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే దారిలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా నాకది ఇరవై రెండో సంవత్సరం. ఆ ఉదయం నా రిజిస్టరులో ఏడో పేరు మార్తమ్మది. వయసు యాభై నాలుగు. వృత్తి అన్న గడిలో ‘మిర్చి తొడిమలు తీయడం’ అని రాసుకున్నాను.

ఈ పని సంగతి ఇక్కడివారికి తెలిసిందే. ఇతర ప్రాంతాల పాఠకుల కోసం రెండు మాటలు. కొందరు కొనుగోలుదారులకు ఎండుమిర్చి తొడిమ లేకుండా కావాలి. కోల్డ్ స్టోరేజీల పక్కనున్న షెడ్లలో స్త్రీలు గోనెపట్టాల మీద వరసగా కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఒక్కొక్క తొడిమనూ తుంచుతారు. తొమ్మిది పది మంది కలిస్తే ఒక ముఠా. సాయంత్రం ముఠా సరుకంతా కలిపి తూకం వేస్తారు, వచ్చిన కూలిని సమానంగా పంచుకుంటారు. అందువల్ల ఒకరి చెయ్యి నెమ్మదిస్తే ఆ భారం మిగిలినవారి మీద పడుతుంది.

మార్తమ్మతో పాటు ముఠా మేస్త్రి సుశీల కూడా వచ్చింది. ఆమె మార్తమ్మ అక్క కూతురే.

“మా పిన్ని వేలు బాగుచెయ్యండి మేడమ్. ఉగాది దాటితే సరుకు గుట్టలు గుట్టలుగా వచ్చిద్ది. అప్పటికి చెయ్యి ఆడకపోతే ఈమె చోట్లో ఇంకొకరిని పెట్టుకోవాలి. మిగతావాళ్ళు ఊరుకోరండి.”

“నా మొహం మీదే చెప్పావుగా, ఇంక మొహమాటమెందుకు,” అంది మార్తమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. “పంతొమ్మిదేళ్ళ నుంచి కూర్చుంటున్న చోటండి. మా ఆయన పోయినాక ఆ చోటే నన్ను నిలబెట్టింది. అది పోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు.”

ఆమె కుడి బొటనవేలు మణికట్టును కలిసే చోట చిన్న మెట్టులా ఉబ్బి ఉంది. ఆ వేలిని దాని కీలులోకి నొక్కుతూ మెల్లగా తిప్పి చూసే పరీక్షను మేము గ్రైండ్ టెస్ట్ అంటాము. నేను తిప్పగానే ఆమె పెదవి కొరుక్కుంది. ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య ఉండవలసిన సందు దాదాపు మూసుకుపోయింది. వేళ్ళ పట్టును కొలిచే పించ్ గేజ్ అనే పరికరం మీద రెండున్నర కిలోలు చూపింది. ఆ వయసు స్త్రీలకు నాలుగైదు కిలోలు ఉండాలి. బొటనవేలి మొదట్లో కీళ్ళవాతం. సందేహానికి తావు లేదు.

“మా పాస్టరుగారు ప్రార్థన చేశారు. మా వదినేమో కారం ఎముకల్లోకి ఎక్కిందంటది,” అంది మార్తమ్మ. “మీరు చదువుకున్నారుగా, చెప్పండి. ఇంత చక్కని చెయ్యిని చేసిన దేవుడికి ఇది అరిగిపోయిద్దని తెలీదా?”

నేను నవ్వి, ఆమె వేలి కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాను.

ఆ రోజు నేను చేసినది పొరపాటని ఇప్పుడు ఒప్పుకోవాలి. కీలును నేను తిరగలి రాయిలా ఊహించుకున్నాను: వాడితే అరుగుతుంది, ఆపితే నిలుస్తుంది. వేలిని కొస దాకా కదలకుండా పట్టి ఉంచే గట్టి స్ప్లింట్ వేసి, మూడు వారాల పాటు ఆ వేలితో ఏ పనీ చేయవద్దని చెప్పాను. మార్తమ్మ మాట తప్పని మనిషి. గరిటె కూడా పట్టలేదు.

మార్చి 6న పించ్ గేజ్ ఒకటి పాయింట్ తొమ్మిది కిలోలు చూపింది. వేలు బిగుసుకుపోయింది, దాని మొదట్లో ఉండే కండ జారిపోయింది. పనులన్నీ ఎడమచేతికి మార్చడంతో ఆ చేతి బొటనవేలూ నొప్పి పెట్టసాగింది.

“ఒకటి అడిగితే రెండిచ్చారు మేడమ్,” అంది సుశీల. వెటకారమే, కానీ ఆ ముఖంలో భయం కనిపించింది. ఉగాదికి పదహారు రోజులే ఉన్నాయి.

ఆ తర్వాతి మూడు రాత్రులూ నేను చదివినది నా వృత్తిలో అంతకుముందు ఎన్నడూ చదవవలసి రానిది. రోగి వేలు ఎందుకు నొప్పి పుడుతోందన్నది కాదు, మనిషి జాతికి ఈ నొప్పి ఎందుకు వచ్చిందన్నది.

బొటనవేలి మొదట్లోని కీలును శాడిల్ జాయింట్ అంటారు. గుర్రం జీను ఆకారం. ఒక జీను మీద ఇంకో జీనును అడ్డంగా బోర్లించినట్టు రెండు ఎముకలు కూర్చుంటాయి. అందుకే ఈ ఒక్క వేలు మిగిలిన నాలుగింటికీ ఎదురు నిలబడి, ప్రతి ఒక్కదాని కొసనూ తాకగలదు. చింపాంజీకీ బొటనవేలు ఉంది, కానీ అది పొట్టిది. సూది పట్టలేదు, తొడిమ తుంచలేదు. మన పూర్వికులు రాళ్ళు చెక్కి పనిముట్లు చేసుకున్న లక్షల సంవత్సరాల్లో ఈ వేలు పొడుగైందనీ, బలం పెరిగిందనీ, కీలు మరింత స్వేచ్ఛగా తిరగడం నేర్చిందనీ పరిశోధకులు భావిస్తున్నారు. ఆ స్వేచ్ఛ కోసం కీలు తన బిగువులో కొంత వదులుకుంది. వదులుగా తిరిగేది త్వరగా అరుగుతుంది. మరి ప్రకృతి దీన్ని ఎందుకు సరిదిద్దలేదు? నొప్పి వచ్చేది సాధారణంగా పిల్లలు పుట్టి పెరిగిన తర్వాత. అప్పటికి ఆ చేతి నిర్మాణం తర్వాతి తరానికి అంది ఉంటుంది. ఇవన్నీ పూర్తిగా తేలిన సంగతులు కావు, కొన్ని ఊహలే. కానీ ఒక మాట మాత్రం నా పొరపాటును నేరుగా చూపించింది. కీలులోని మెత్తటి పూత కార్టిలేజ్. దానికి రక్తనాళాలు లేవు, కదలిక వల్లనే దానికి పోషణ అందుతుంది. రకరకాల పనులు చేస్తూ, నడుస్తూ, మోస్తూ బతకడానికి తయారైన శరీరం ఇది. రోజంతా ఒకే కదలిక దానికి ఎంత కొత్తో, బొత్తిగా కదలకపోవడమూ అంతే కొత్త.

మార్చి 9, గురువారం, సెలవు పెట్టి షెడ్డుకు వెళ్ళాను. లోపల అడుగు పెట్టగానే ఘాటుకు వరసగా ఏడు తుమ్ములు వచ్చాయి. ముఠా అంతా నవ్వింది. మార్తమ్మ స్ప్లింట్ విప్పేసి తన చోట్లో కూర్చుని ఉంది.

“తిట్టమాకండి. ఖాళీగా ఉంటే చోటు పోయిద్దని వచ్చా,” అంది.

“తిట్టడానికి రాలేదు, లెక్కపెట్టడానికి వచ్చాను,” అన్నాను.

చేతి గడియారం పెట్టుకుని పక్కనే కూర్చున్నాను. పాత వేగమైతే నిమిషానికి ఇరవై ఎనిమిది తొడిమలని ముఠా అంతా చెప్పింది. గంటకు 1,680. ఎనిమిది గంటలకు 13,440. ఏడాదికి రెండు వందల పనిదినాల చొప్పున 26,88,000. పంతొమ్మిదేళ్ళకు ఐదు కోట్ల పది లక్షల డెబ్భై రెండు వేలు.

ఆ అంకెను రెండుసార్లు వేసి చూశాను. వేలి కొసన కిలో బలం పెడితే మొదట్లోని కీలు మీద పది కిలోలకు పైగా పడుతుందని మా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ కీలు ముఖం చింతగింజంత. దాని పూత మందం మిల్లీమీటరు. నూనె పోసినవారు లేరు, భాగం మార్చినవారు లేరు. ఐదు కోట్ల సార్లు నొక్కిన తర్వాత, ఇప్పుడు, కొంచెం నొప్పి పుడుతోంది. అంతవరకూ నేను ఎక్స్‌రేలో అరిగిన ఎముకను మాత్రమే చూశాను. అది అంతకాలం నిలిచిందన్న సంగతి నాకు తట్టనే లేదు. కాగితం మూసి, కాసేపు ఆ స్త్రీల చేతుల్ని చూస్తూ ఉండిపోయాను. తొమ్మిది జతల చేతులు. వర్షం మొదలైనప్పుడు రేకుల మీద పడే చినుకుల్లాంటి చిటపట శబ్దం.

వరస చివర విడిగా ఒక వృద్ధురాలు కూర్చుని తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ఏరుతోంది. పేరు రత్తమ్మ. ఆ పనికి పట్టు అక్కర్లేదు, కన్ను కావాలి. నాకు మార్గం దొరికింది. మార్తమ్మ గంటసేపు తొడిమలు తీసి, అరగంట తాలు ఏరితే చాలన్నాను.

సుశీల తల అడ్డంగా ఊపింది. “కుదరదండి. అక్కడ కూర్చున్నోళ్ళు మళ్ళీ వరసలోకి రారు. మాకు మొదట్నుంచీ అంతే. అది ముసలోళ్ళ చోటు.”

“నన్నక్కడ కూర్చోబెట్టి మూలకు తోసేద్దామని చూస్తున్నారా?” అంది మార్తమ్మ.

అప్పుడు రత్తమ్మ తన రెండు చేతులూ నా ముందు చాచింది. రెండు బొటనవేళ్ళూ మొదట్లో పలకలు దేరి, మధ్యలో వెనక్కి వంగిపోయి ఉన్నాయి. నా రిజిస్టర్లన్నింటిలోనూ అంతకు మించిన కేసు లేదు.

“నాకు ఈ మార్తమ్మ వయసు రాకముందే వచ్చిందమ్మా ఇది,” అంది. “అప్పుడు మేస్త్రి ఈ సుశీల వాళ్ళమ్మ. నన్ను పొమ్మన్లా. నీ కళ్ళు బాగున్నాయిగా, తాలు ఏరు అంది. ఈ చోటు అప్పుడే పుట్టింది. అంతకుముందు ఇట్టాంటి చోటే లేదు.” తర్వాత సుశీల వైపు చూసింది. “మొదట్నుంచీ అంటావేందే? మొదలెట్టింది మీ అమ్మేగా. గంటకోసారి నేను లేచి అటూ ఇటూ నడుస్తా, నా మోకాళ్ళకీ మంచిదే. అదొచ్చి కూర్చుంటది. మళ్ళీ పోయిద్ది. ఏం కొంప మునిగిద్ది?”

సుశీల రత్తమ్మ ముందున్న తాలు కుప్ప వైపు చూసింది. “వారం చూద్దాం,” అంది చివరికి.

అతి పురాతన మానవుల అస్థిపంజరాల్లోనూ అరిగిపోయిన కీళ్ళు కనిపిస్తాయని నేను చదివి ఉన్నాను. వేటాడలేని, తవ్వలేని ఆ మనుషులు ఆ నొప్పితో ఏళ్ళ తరబడి జీవించారంటే, ఎవరో వారికి ఒక చోటు ఇచ్చి ఉండాలి. చదివినప్పుడు అది నాకు ఎముకల గురించిన సమాచారం. షెడ్డులో దాన్ని కళ్ళారా చూశాను.

స్ప్లింట్ మార్చాను. వేలి కొసను వదిలేసి, మొదలును మాత్రం పట్టి ఉంచే మెత్తటిది కుట్టించాను. కండకు రోజూ పది నిమిషాల వ్యాయామం నేర్పాను. మొదటి వారం ముఠా తూకం రోజుకు మూడు నాలుగు కిలోలు తగ్గింది, సుశీల నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. మూడో వారానికి తగ్గుదల పోయింది. మిగిలినవారు కూడా వంతులవారీగా తాలు ఏరుతూ బొటనవేళ్ళకు విశ్రాంతి ఇవ్వడం మొదలుపెట్టారట. అది నేను చెప్పినది కాదు. ఉగాది దాటింది. మార్తమ్మ చోట్లో వేరెవరూ కూర్చోలేదు.

ఏప్రిల్ 24న ఆమె చివరిసారి వచ్చింది. పించ్ గేజ్ మీద మూడు పాయింట్ రెండు కిలోలు. ఎక్స్‌రేలో ఏ మార్పూ లేదు, ఉండదు కూడా. అరిగినది తిరిగి రాదు. నేను చదివినదంతా అప్పుడు ఆమెకు చెప్పాను: జీను సంగతి, రాళ్ళు చెక్కిన పూర్వికులు, ఐదు కోట్ల లెక్క. ఆమె తన వేలిని నాలుగు వేళ్ళకూ ఒక్కొక్కటిగా తాకించి చూసుకుంది.

“అయితే తెలిసే చేశాడన్నమాట,” అంది. “ఇంత పని చెయ్యాలంటే ఇంత నొప్పి తప్పదని.”

ఆమె దేవుడికీ నా పుస్తకాలకూ మధ్య తీర్పు చెప్పే పని నాది కాదు. కీలును అరిగే వస్తువుగా కాక, స్వేచ్ఛ కోసం బిగువును వదులుకున్న చాలా పాత ఒప్పందంగా చూడడం ఆమె వేలు నాకు నేర్పింది. దాన్ని ఆపకూడదు, అలాగని రోజంతా ఒకే పనికి కట్టేయకూడదు. ఆ వేలున్న మనిషికి పక్కన ఇంకొక చోటు ఉందో లేదో మొదట అడగాలి. ఇప్పుడు నా రిజిస్టరులో అందుకోసం ఒక గడి ఉంది.

లేవబోతూ మార్తమ్మ నా కుడిచెయ్యి అందుకుంది. ఇరవై రెండేళ్ళుగా రోజుకు పన్నెండు మంది కండరాలను నొక్కిన చెయ్యి అది. నేను ఆమెకు చేసినట్టే, బొటనవేలిని మొదట్లో నొక్కి మెల్లగా తిప్పింది. నేను పెదవి కొరుక్కున్నాను.

“మీక్కూడా మొదలైందండి,” అంది, నా చెయ్యి వదలకుండా.